ఏడో ఛానెల్ ఎవరిదీ కాదు

విలో ఫోర్క్‌లో సైరన్ మోగితే మగవాళ్ళు ఫైరింజను షెడ్డుకి పరుగెత్తేవారు, ఆడవాళ్ళు ఆర్లిస్ వాండ్రాచెక్‌కి ఫోన్ చేసేవారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే తంతు. ఆర్లిస్ వంటింటి కిటికీలో, కాఫీ కూజా పక్కన, ఒక స్కానర్ ఉండేది. పోలీసులు, అగ్నిమాపక దళం, అంబులెన్సు వాళ్ళు రేడియోల్లో ఏం మాట్లాడుకున్నా పట్టి వినిపించేది. "మీ ఆయనకేం కాలేదు, తగలబడింది గడ్డి మోపులే" అని ఆర్లిస్ అంటే అవతలి ఇంట్లో వాళ్ళు ఊపిరి పీల్చుకుని వంట పనిలో పడేవారు. ఆమె చెప్పిన మాట ఒక్కసారి కూడా పొల్లుపోలేదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. తెలియనివాళ్ళుంటే తెలిసేలా చేసేది కూడా.

అక్టోబరులో కౌంటీ పాత రేడియోలు తీసేసి, నెబ్రాస్కా రాష్ట్రమంతటికీ ఒకటే అయిన కొత్త పద్ధతిలోకి మారింది. ఆ రోజుతో ఆర్లిస్ స్కానర్ మూగబోయింది. వారం రోజులు ఆమె ఇంట్లో ఏదో పోగొట్టుకున్నదానిలా తిరిగింది. మొగుడు డెల్మార్ చూడలేక ఆమె తమ్ముడు వెండెల్‌కి కబురు పెట్టాడు. వెండెల్‌కి అరవై మైళ్ళ దూరంలో రేడియోలు బాగుచేసే కొట్టుంది. కొత్త స్కానరూ, దానితోపాటు చేత్తో రాసిన ఎనిమిది పేజీల ఉత్తరమూ పంపాడు. మొదటి వాక్యం కింద రెండు గీతలు గీశాడు: "అక్కా, ఇది ట్రంకింగ్. ముందు చదివి అర్థం చేసుకో, తర్వాతే మీటలు నొక్కు."

ఆర్లిస్ ఆ ఒక్క వాక్యమే చదివింది. చదివి ఒళ్ళు మండి, ఎనిమిది పేజీలూ కాఫీ కూజా కింద పెట్టేసింది. వాడికి పాలసీసా పట్టిన చేతులివి, ఈ చేతులకి మీటలు నొక్కడం వాడు నేర్పుతాడా? కొత్త పద్ధతిలో తమ వైపు టవరుకి తొమ్మిది ఫ్రీక్వెన్సీలు ఉన్నాయని ఊళ్ళోనే ఎవరినో అడిగి రాసుకుంది. ఎప్పటిలాగే ఆ తొమ్మిదింటినీ తొమ్మిది ఛానెళ్ళలో పెట్టింది. నాలుగోది పెట్టగానే గరుగ్గరుమని ఆగకుండా రొద మొదలైంది. అలాంటి రొద చేసే ఛానెల్‌ని నోరు మూయించడానికి స్కానర్లో ఒక మీట ఉంటుంది. ఆర్లిస్ అది నొక్కేసింది. ఆ సాయంత్రమే ఏడో ఛానెల్లో డెల్మార్ గొంతు వినబడింది. డెల్మార్ ఫైర్ దళంలో రెండో పెద్ద. అయితే ఏడోది ఫైర్ వాళ్ళదన్నమాట. కాగితం ముక్క మీద "7 – మనవాళ్ళు" అని రాసి అతికించింది. మిగతావాటినీ అలాగే పంచేసింది. ఒక్కోసారి మాటలు మధ్యలో తెగిపోతుంటే కొత్త రేడియోలు మంచివి కావని తిట్టుకుంది.

నవంబరు మొదట్లో మెట్ల మీద జారి ఆమె చీలమండ విరిగింది. మోకాలి దాకా కట్టు. పది రోజులుగా పడగ్గదికీ వంటింటికీ మధ్య కర్రల మీద తిరగడమే. సరిగ్గా పదకొండో రోజు తెల్లవారుజాము నుంచి వాన పడింది. పడిన చినుకు పడినచోటే గడ్డకట్టింది. మెట్లు, తీగలు, చెట్ల కొమ్మలు, రోడ్లు అన్నిటి మీదా అద్దంలాంటి పొర. పక్కింటికి వెళ్ళడానిక్కూడా వీల్లేదు. ఆర్లిస్ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని తన ఇంట్లో తానే ఖైదీనయ్యానని డెల్మార్‌ని సాధిస్తూ ఉంది.

తొమ్మిదింపావుకి డెల్మార్ నడుముకున్న పేజర్ అరిచింది. హ్రూస్కా వాళ్ళ పొలంలో ఇనప గాదెలో మనిషి కూరుకుపోయాడని.

"ఎవరు?" అంది ఆర్లిస్.

"కెండలే అయ్యుంటాడు. నిన్న గాదెలో జొన్న గడ్డకట్టిందని గోలపెట్టాడు. ఒంటరిగా దిగొద్దురా అని చెవినిల్లు కట్టుకుని చెప్పాను." డెల్మార్ అప్పటికే ఒక బూటు తొడిగాడు.

"మెల్లగా వెళ్ళు. నువ్వు కూడా పడితే ఇద్దరం కలిసి ఒకే కర్ర మీద నడవాలి."

అతను నవ్వలేదు. వెళ్ళిపోయాడు.

కెండల్ హ్రూస్కాకి ముప్ఫై నాలుగేళ్ళు. వాడి పెళ్ళాం ట్రిస్టా నలభై మైళ్ళ అవతల టౌనులో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పని చేస్తుంది. రాత్రి డ్యూటీకి వెళ్ళి, ఐసు వల్ల అక్కడే ఆగిపోయింది. పావుగంట తిరక్కుండానే ఆమె దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"ఆర్లిస్, మా మామయ్య ఫోన్ చేశాడు. కెండల్ గాదెలో... ఏమంటున్నారు? మీకేమైనా వినబడిందా?"

"ఇప్పుడే వెళ్ళారమ్మా. డెల్మార్ కూడా వెళ్ళాడు."

"నేను బయల్దేరుతున్నాను."

"పిచ్చిదానా, పెద్ద రోడ్డే మూసేశారు. నువ్వు కాలవలో పడితే నీకోసం ఇంకో బండి పంపాలి. అక్కడే ఉండు. నేను వింటున్నాను కదా. ఏ మాట వినబడినా మొదట నీకే చెబుతాను."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆర్లిస్ కుర్చీని స్కానర్‌కి ఇంకాస్త దగ్గరగా లాక్కుంది. ఏడో ఛానెల్లో మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. "నడుము దాకా ఉంది. మాట్లాడుతున్నాడు." తర్వాత బొంయ్. కాసేపటికి, "...చుట్టూ పలకలు దించుతున్నాం." అదీ మంచిదే. జొన్నలో మనిషి కూరుకుపోతే తాడేసి లాగకూడదు, లాగితే మనిషే తెగుతాడు. చుట్టూ రేకు పలకలు దించి డబ్బాలా కట్టి, లోపలి గింజలు తోడెయ్యాలి. ఇది పిల్లలక్కూడా తెలిసిన ఊరది.

పదింపావుకి ఏడో ఛానెల్లోనే ఒక గొంతు తేటగా పలికింది. "బయటికి లాగేశాం. బాగానే ఉన్నాడు. తన కాళ్ళ మీద తనే నడుస్తున్నాడు. కాఫీ ఉందా అని అడుగుతున్నాడు."

ఆర్లిస్ బల్ల మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెంటనే ఫోన్ తీసింది.

"ట్రిస్టా, తీసేశారే! నడుస్తున్నాడట! కాఫీ కూడా అడుగుతున్నాడట వెధవ!"

అవతల చాలాసేపు ఏడుపు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఏడుపులోనే నవ్వు వచ్చింది. "కాఫీయా? ఇంట్లో ఎప్పుడూ టీనే తాగుతాడు."

"ఇవాళ కాఫీ తాగనీవే. ఏం తాగితే ఏం?"

"ఆర్లిస్, మీ కాళ్ళకి దణ్ణం. పొద్దుట్నుంచి చేతులాడక ఎవరికీ మందు కూడా ఇవ్వలేకపోయాను. మా సూపర్వైజరు మింగేసేలా చూస్తోంది. ఫోన్ లాకర్లో పడేసి వార్డుకి పోతాను. రోడ్లు తెరిచాక వచ్చి వాడి చెవులు మెలిపెడతాను."

"నా వంతు కూడా మెలిపెట్టు."

ఫోన్ పెట్టేసి ఆర్లిస్ ఆనందంగా కూర్చుంది. ఊళ్ళో ఇంకో నలుగురు ఫోన్ చేశారు, నలుగురికీ చెప్పింది. ప్రతిసారీ కాఫీ మాట కలిపే చెప్పింది.

పదిముప్పావుకి ఏడో ఛానెల్ మళ్ళీ మాట్లాడింది. ఈసారి డెల్మార్ గొంతే. "ఇంకో ఆరు పలకలు కావాలి. ఛాతీ దాటిపోయింది."

ఎవరి ఛాతీ? ఆర్లిస్ కాఫీ కప్పు కింద పెట్టింది. మనిషి నడుస్తుంటే పలకలెందుకు? బహుశా ఇద్దరు కూరుకుపోయారేమో. ఒకణ్ణి తీసి ఉంటారు. కానీ ఏ నోటా ఇద్దరన్న మాట రాలేదు. తనకి తాను సర్దిచెప్పుకోబోయింది గానీ కుదరలేదు. అహాన్ని మింగుకుని తమ్ముడికి ఫోన్ చేసింది.

వెండెల్ అంతా విన్నాడు. "అక్కా, ఏడో ఛానెల్ ఫైర్ వాళ్ళదని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పేదేంటి? డెల్మార్ గొంతు అందులోనే వచ్చింది."

"ఉత్తరం చదివావా?"

"ముందు విషయం చెప్పరా."

వెండెల్ తిట్టలేదు. తిట్టి ఉంటేనే ఆర్లిస్‌కి కాస్త ధైర్యంగా ఉండేది.

"మీ రైతుల సహకార గిడ్డంగి దగ్గర జొన్న దింపడానికి గుంటలెన్ని?"

"మూడు. ఎందుకు?"

"కోతల రోజుల్లో లారీలు బారులు తీరతాయి. ఏ గుంట ఖాళీ అయితే ఆ గుంటకి తర్వాతి లారీ. రెండో గుంట దగ్గర నువ్వు కుర్చీ వేసుక్కూర్చున్నావనుకో. మొదట హ్రూస్కా లారీ వస్తుంది. తర్వాత టిచీ వాళ్ళది. తర్వాత ఇంకెవరిదో. అదంతా హ్రూస్కా జొన్నే అనుకుంటావా?"

"ఎందుకనుకుంటాను? కాటా దగ్గరున్న మనిషి మైకులో పిలుస్తాడు కదా, ఫలానావాడు ఫలానా గుంటకి అని."

"అదే ట్రంకింగ్. నీ తొమ్మిది ఛానెళ్ళూ గుంటలే. ఎవరి సొంతమూ కాదు. ఫైర్ వాళ్ళొక జట్టు, పోలీసులొక జట్టు, రోడ్ల వాళ్ళొక జట్టు. వాళ్ళు నోరు తెరిచిన ప్రతిసారీ ఏది ఖాళీ ఉంటే అది దొరుకుతుంది. ఒక మాట ఏడులో, దాని జవాబు రెండులో. ఆ మధ్యలో ఏడులోకి ఇంకెవడో వస్తాడు. నువ్వు ఏడు దగ్గరే కూర్చుని అన్నీ కలిపి ఒక కథ కుట్టావు."

"మరి కాటా మనిషో?" అంది ఆర్లిస్.

"ఒక ఛానెల్లో ఆగకుండా గరుగ్గరుమని రొద వస్తూ ఉండాలి. ఎవరు ఎక్కడికెళ్ళాలో అదే చెబుతుంది. స్కానర్ దాని వెంట వెళ్ళాలి. ఏదీ, ఏ నంబర్లో వస్తోంది?"

"దాని నోరు మూయించాను," అంది ఆర్లిస్. ఆ మాట ఆమెకే ఎవరో అన్నట్టు వినబడింది.

మొత్తం ఊళ్ళో అసలు సంగతి తెలిసినది ఆ ఒక్క ఛానెల్. చెవికి ఇంపుగా లేదని దాన్నే మూసేసింది. పాత స్కానర్ల మీద పెరిగినవాళ్ళు ఎవరైనా చేసే పనే అది. అయితే ఏం, చేసింది తనే.

"అయితే బయటికొచ్చి నడిచినవాడెవడ్రా?"

"ఐసు మీద కాలవలో పడ్డ కారులో ఎవరో అయ్యుంటారు. ఇవాళ అలాంటివి యాభై. అక్కా, ఎవరికైనా చెప్పావా?"

"వాడి పెళ్ళానికి చెప్పాను."

"మీటలు నొక్కు. నేను చెబుతాను," అన్నాడు వెండెల్.

వెంటనే ట్రిస్టాకి చెప్పేద్దామా అనుకుంది. ఏమని చెప్పాలి? బయట లేడని మాత్రమే తెలుసు. మళ్ళీ తెలిసీ తెలియని మాట చెప్పడమా? పది నిమిషాలు మీటలు నొక్కింది. ముందు నాలుగో ఛానెల్ నోరు విప్పింది. దాన్నే కాటా మనిషిగా పెట్టి, పద్ధతి మార్చి, ఫైర్ జట్టు నంబరు ఒక్కటి ఎక్కించింది. రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారికి తెర మీద నంబరు వెలిగింది. డెల్మార్ గొంతు, దాని వెంటే కంట్రోల్ గది అమ్మాయి గొంతు, మళ్ళీ డెల్మార్, ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా తెగకుండా వచ్చాయి.

"...చంకల దాకా వచ్చింది. గోడకి అంటుకున్న గడ్డ ఒకటి పైన వేలాడుతోంది. అది జారకముందే తోడాలి. స్పృహలోనే ఉన్నాడు. పెళ్ళాంతో మాట్లాడాలంటున్నాడు. ఆమెని పట్టుకోండి, నా ఫోను తాడుతో లోపలికి దింపుతాను."

"ఇరవై నిమిషాల్నుంచి చేస్తున్నాం. మోగుతోంది, ఎత్తడం లేదు."

ఎందుకు ఎత్తడం లేదో ఈ లోకంలో ఆర్లిస్ ఒక్కదానికే తెలుసు.

తమ్ముడి ఫోన్ పెట్టేసి సంరక్షణ కేంద్రానికి చేసింది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. ఎంగేజ్. ఐసు రోజున ముసలివాళ్ళ పిల్లలందరూ ఒక్కసారే ఫోన్ చేస్తున్నట్టున్నారు. కంట్రోల్ గదికి చేస్తే వరసలో ఉండమని టేపు మాట్లాడింది. కారు తాళాలు గోడకి వేలాడుతున్నాయి. కట్టుకాలుతో మొదటి మెట్టు కూడా దిగడం కుదరదు, దిగినా నలభై మైళ్ళ అద్దం. కుర్చీలోంచి లేచింది, మళ్ళీ కూలబడింది. పక్కన స్కానర్ మాత్రం నిజం చెబుతూనే ఉంది. "మళ్ళీ అడుగుతున్నాడు. దొరికిందా?" "ఇంకా లేదు." ఆ రెండు మాటలూ మూడుసార్లు విన్నది. పదహారోసారికి అవతల ఫోన్ ఎత్తారు.

"ట్రిస్టా హ్రూస్కాని పిలవండి. వార్డులో ఉంది. పరుగెత్తి పిలవండి, నేను ఆగుతాను."

ట్రిస్టా గొంతు హుషారుగా వచ్చింది. "ఏంటి ఆర్లిస్, కాఫీలోకి చక్కెర కూడా అడిగాడా?"

"నేను తప్పు విన్నానమ్మా. వాడు బయటికి రాలేదు. లోపలే ఉన్నాడు. నిన్ను అడుగుతున్నాడు. డెల్మార్ నంబరుకి చెయ్, ఇప్పుడే."

"మీరు నడుస్తున్నాడన్నారు."

"అన్నాను. తప్పు. నన్ను తర్వాత తిట్టు, ముందు ఫోన్ చెయ్యి తల్లీ."

టక్కున లైను తెగింది.

నిమిషం తర్వాత డెల్మార్ అన్నాడు, "దొరికింది. దింపుతున్నాను." ఆ తర్వాత రేడియో నిశ్శబ్దం. అంతకుముందైతే ఆ ఖాళీలోకి ఏ పోలీసో, ఐసు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే లారీ డ్రైవరో దూరిపోయేవాడు. ఇప్పుడు ఎవరూ రాలేదు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారని, చుట్టూ ఉన్నవాళ్ళందరూ నోళ్ళు మూసుకుని నిలబడ్డారని ఆర్లిస్‌కి తెలిసింది. అరగంటకి పైగా మాట్లాడుకోవలసినవాళ్ళు. తను మింగేసిన అరగంట అది. ఎప్పుడూ దేవుణ్ణి ఏదీ అడగని మనిషి, ఇప్పుడు సిగ్గు విడిచి అడిగింది.

నాలుగు నిమిషాలు గడిచాయి.

"జారింది! గడ్డ జారింది! మునిగాడు!" డెల్మార్ అలా అరవడం ఆమె ముప్ఫై ఏడేళ్ళ కాపురంలో వినలేదు. "గోడలు కోసెయ్యండి! అన్ని వైపులా కోసెయ్యండి!"

ఫోన్ మోగింది. ట్రిస్టాయే.

"ఆర్లిస్, మాట మధ్యలో కట్టయిపోయింది. మళ్ళీ చేస్తే మోగట్లేదు. కంట్రోల్ వాళ్ళు ఆగమంటున్నారు. రేడియోలో ఏమంటున్నారు?"

"జొన్న జారిందమ్మా. గాదె గోడలు కోస్తున్నారు. రంపాలు తెచ్చారు."

"ఫోన్ పెట్టకండి."

"పెట్టను."

"మాట్లాడకండి. వినండి చాలు."

ఇద్దరూ లైనులోనే ఉన్నారు. ట్రిస్టా ఊపిరి ఆర్లిస్ చెవిలో వినబడుతోంది. నలభై మైళ్ళ అవతల ఆ అమ్మాయి ఒక కారిడార్‌లో, ఇక్కడ ఈమె ఒక కుర్చీలో, కదలడానికి ఇద్దరికీ దారి లేదు. రేడియోలో ముక్కలైన మాటలు లేవు. రెండో రంపం పనిచేస్తోందని చెప్పారు. తూర్పు వైపు తెరుచుకుందని, జొన్న పారుతోందని చెప్పారు. చెయ్యి కనిపించిందని చెప్పారు. "చెయ్యి కనిపించిందట," అంది ఆర్లిస్. ట్రిస్టా ఊపిరి ఆగి మళ్ళీ మొదలైంది.

చాలాసేపటికి డెల్మార్ గొంతు వచ్చింది. ఈసారి అరుపు లేదు.

"కంట్రోల్, అంబులెన్సుకి చెప్పండి. లైట్లూ సైరనూ ఆపేసి, రోడ్డు చూసుకుంటూ నిదానంగా రమ్మనండి."

ఆ ఊళ్ళో పేర్లు రేడియోలో చెప్పరు, పోయాడనీ చెప్పరు. అంబులెన్సుని నిదానంగా రమ్మంటారు. అది విన్నవాళ్ళెవరికీ ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఆర్లిస్ రెండు చేతులతో ఫోన్ పట్టుకుంది.

"ఏదో గొంతు వినబడింది," అంది ట్రిస్టా. "డెల్మారేనా? నిదానంగా అన్నట్టు వినబడింది. అంటే బాగానే ఉన్నాడనేగా? తొందర లేదనేగా? ఆర్లిస్, మీరు మళ్ళీ తప్పు విన్నారేమో చూడండి."

"లేదమ్మా," అంది ఆర్లిస్. "ఈసారి సరిగ్గానే విన్నాను."